చుక్కలమ్మ వెతికిన గ్రహం

చుక్కలమ్మ మొదట్లో చేసిన ఉద్యోగం చుక్కలు చెరపడం. పెద్ద బజారు మలుపులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. చదువు అయ్యీ కాకుండానే ఆమె అక్కడ నెగటివులు దిద్దే పనిలో చేరింది. ముఖాల మీద మొటిమలు, చెంపల మీద గాట్లు, ఎక్కడో ఫిల్ముకు అంటుకున్న దుమ్ము, అన్నింటినీ సన్నటి పెన్సిలు మొనతో మాయం చేసేది. స్టూడియో యజమానిని అందరూ బొమ్మలాయన అనేవారు. వచ్చినవాళ్ళందరి దగ్గరా ఆయన, "మా అమ్మాయి చేతిలో పడితే చంద్రుడికి కూడా మచ్చ మిగలదండీ" అని గొప్పలు పోయేవాడు.

రంగుల ఫోటోలు వచ్చాక ఆ పని మూలపడింది. అలాగని బొమ్మలాయన ఆమెను గాలికి వదిలెయ్యలేదు. ఊరి బయట కొండ మీద ఒక టెలిస్కోపు ఉంది. దాని ఆఫీసు ఊళ్ళోనే ఉంది. ఫోటోలు తీసే గాజు ప్లేట్లు కడిగే మందులు వాళ్ళు ఈయన దగ్గరే కొనేవారు. "ఒకే చోట చూపు నిలిపి గంటలకొద్దీ కూర్చోగల మనిషి కావాలట. నీకంటే మొండిదాన్ని నేనెక్కణ్ణుంచి తెచ్చేది?" అంటూ స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళి అప్పజెప్పి వచ్చాడు.

ఆమెకిచ్చిన గది నేలలోకి సగం దిగి ఉండేది. కిటికీ ఎత్తున ఉండేది. అందులోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ చెప్పులు తప్ప మరేమీ కనిపించేవి కావు. గది మధ్యలో బల్ల, బల్ల మీద ఒక మిషను. దాన్ని ఆఫీసులో అందరూ టకటక అని పిలిచేవారు. ఆకాశంలో ఒకే ముక్కని రెండు మూడు రోజుల తేడాతో గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. ఆ ప్లేట్లు రెండూ మిషనులో పక్కపక్కన బిగించి, పైనున్న గొట్టంలో కన్ను పెట్టాలి. లోపల చిన్న అద్దం టక్కుమని ఇటు తిరిగితే ఒక ప్లేటు కనిపిస్తుంది, టక్కుమని అటు తిరిగితే రెండోది. నక్షత్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటి మధ్య ఏదైనా కదిలిన చుక్క ఉంటే అది ఇటూ అటూ గెంతుతుంది. ఆ గెంతే చుక్కను పట్టుకోవడమే ఆమె పని.

నెగటివు కదా, ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉండేవి. మొదటి వారం ఇంటికెళ్ళేసరికి కళ్ళు మంటలెత్తిపోయేవి. "పట్టపగలు చుక్కలు కనిపిస్తున్నాయి అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది" అందామె పక్కగది గుమాస్తాతో. ఆ మాట పై అంతస్తు దాకా పాకి, సాయంత్రానికల్లా ఆమెకు చుక్కలమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

పై అంతస్తులో ఉండే పెద్ద శాస్త్రవేత్తను లెక్కలాయన అనేవారు. బక్కపలచని మనిషి. మాట తక్కువ. మన సూర్యుడి చుట్టూ, చివరి గ్రహానికి ఎంతో అవతల, ఎవరి కంటా పడని మరో పెద్ద గ్రహం ఉందని ఆయన నమ్మకం. బాగా దూరం నుంచి వచ్చే తోకచుక్కల దారులన్నీ ఒక పక్కకి ఒరిగినట్టున్నాయనీ, వాటిని ఏదో లాగుతోందనీ ఆయన లెక్క కట్టాడు. ఆ లెక్కలోనే ఆకాశంలో ఒక వెడల్పాటి మేర తేలింది. ఆ గ్రహం అందులోనే ఉండాలి. ఆ మేరను పట్టీలుగా కోసి, పట్టీ తర్వాత పట్టీ ఫోటోలు తీయించి కిందికి పంపేవాడు.

చేరిన కొత్తలో చుక్కలమ్మ ధైర్యం చేసి మేడెక్కి అడిగింది. "అంత పెద్దదైతే ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు కనపళ్ళేదండీ?"

లెక్కలాయన కలం కింద పెట్టాడు. "చూడమ్మా, గ్రహానికి సొంత దీపం లేదు. సూర్యుడి వెలుగు అంత దూరం పోయి, దాని మీద పడి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. పోతూ కొంత నీరసపడుతుంది, వస్తూ కొంత. దూరం రెట్టింపైతే మనకి దక్కే వెలుగు సగం కాదు, పదహారో వంతు."

"అయినా కదులుతుంది కదండీ?"

"దాని ఒక ఏడాదికి మనకి వేల ఏళ్ళు. అది కదలడం నువ్వూ నేనూ చూడలేం. మనమే కదులుతాం. బస్సులో పోతుంటే దగ్గరి స్తంభాలు పరుగెత్తుతాయి, దూరంగా ఉన్న కొండ అలా అలా జరుగుతుంది చూడు. భూమి మన బస్సు. అది దూరపు కొండ. నీ ప్లేటు మీద వెంట్రుకవాసి జరుగుతుంది, అంతే."

"అసలు లేకపోతేనో?"

ఆయన కలం మళ్ళీ తీసుకున్నాడు. "ఉందమ్మా. నువ్వు చూస్తూండు" అన్నాడు. ఆ మాటతో ఆమె కిందికి దిగివచ్చింది.

ఒక్కో ప్లేటు మీద లక్షల చుక్కలు. ఒక వరసలో ఎడమ నుంచి కుడికి పోయి, కొంచెం కిందికి దిగి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి రావాలి. గెంతే చుక్కలు లేకపోలేదు. దగ్గర్లో తిరిగే రాతి ముక్కలు బోలెడు. అవి చెంగుచెంగున దూరం గెంతుతాయి కాబట్టి వదిలెయ్యొచ్చు. కొన్ని నక్షత్రాలకు ఒక రోజు ఒంట్లో బాగుంటుంది, ఒక రోజు బాగుండదు. ఒక ప్లేటులో కనిపించి రెండో దానిలో మాయమవుతాయి. ప్లేటు మీది పూతలో లోపాలుంటాయి. దుమ్ము ఉంటుంది. స్టూడియోలో ఉన్నన్నాళ్ళూ దుమ్ముని చూడగానే చెరిపేసేది. ఇక్కడ దుమ్మయినా సరే, దుమ్మేనని తేల్చుకోకుండా కదలకూడదు.

కొన్నాళ్ళకు పాలపుంత అడ్డొచ్చే పట్టీ వచ్చింది. ఆ ప్లేట్లు చూస్తే గాజు మీద ఎవరో మిరియాల పొడి ఒలకబోసినట్టు ఉండేవి. చుక్క పక్కన చుక్క, చుక్క మీద చుక్క. ఆ మందలో ఒకటి వెంట్రుకవాసి జరిగితే కనిపెట్టేదెవరు? ఆ ఒక్క పట్టీతోనే ఏళ్ళు దొర్లిపోయాయి.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. చుక్కలమ్మ భర్త దినపత్రిక ప్రెస్సులో మిషను నడిపేవాడు. రాత్రంతా ప్రెస్సులో ఉండి తెల్లారి ఇంటికొచ్చేవాడు. ఆయన తలుపు తీసేసరికి ఈమె డబ్బా సర్దుకుంటూ ఉండేది. ఇద్దరూ కలిసి ఉండేది గుమ్మం దగ్గర ఆ కాసేపు, వారానికొక సెలవు రోజు. మంచం మీద ఒకరి వెచ్చదనం ఆరకముందే రెండోవారు పడుకునేవారు. ఆయన సరదా మనిషి. "నువ్వు గాజు మీద నల్ల చుక్కలు ఏరుతావు, నేను కాగితం మీద నల్ల చుక్కలు కుమ్మరిస్తాను. మన సంసారంలో ఉన్నవన్నీ చుక్కలే" అని నవ్వేవాడు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ప్రెస్సు పెద్ద నగరానికి తరలిపోతోందని తెలిసిన రోజున ఆయన పడుకోకుండా కూర్చున్నాడు.

"ఇద్దరం వెళ్దాం. అక్కడ నీకు ఏదో ఒక పని దొరక్కపోదు."

"ఈ పట్టీ సగంలో ఉందండీ. ఇది అయిపోనివ్వండి, వచ్చేస్తాను."

"నువ్వు లేకపోతే వాళ్ళకి ఇంకెవరూ దొరకరా?"

"దొరుకుతారు. కానీ సగం నేను చూసి, సగం ఇంకొకరు చూస్తే మధ్యలో ఏది జారిపోయిందో ఎలా తెలుస్తుంది?"

ఆయన ముందు వెళ్ళాడు. ఆ పట్టీ అయింది. ఆఖరి ప్లేటు చూసిన మర్నాడే పైనుంచి ఇంకో పెట్టె దిగింది. "ఇదొక్కటీ" అనుకుంది. పండక్కి వెళ్ళినట్టు అప్పుడప్పుడు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేది. ఆయన ప్రతిసారీ బస్టాండుకొచ్చి ఎక్కించేవాడు, "ఈసారి ఎప్పుడు?" అనేవాడు. తర్వాత తర్వాత ఎక్కించేవాడు, అడిగేవాడు కాదు. ఇద్దరూ ఒక్కసారి కూడా గట్టిగా పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే ఏదో ఒకటి తేలేదేమోనని చుక్కలమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది. ఒక ఏడాది విడాకుల కాగితాలు పోస్టులో వచ్చాయి. ఆమె ఆఫీసులో మధ్యాహ్నం విరామంలో సంతకం పెట్టి, తిరిగి పోస్టులో వేసి, వచ్చి టకటక ముందు కూర్చుంది. ఆ పూట చూసిన ప్లేటుని మర్నాడు మొదటినుంచి మళ్ళీ చూసింది, కన్ను సరిగా నిలిచి ఉండదేమోనని.

చెల్లెలు మాత్రం ఊరుకునే రకం కాదు. అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉండేది. "అక్కా, ఉన్న గ్రహాలు చాలవా నీకు? నువ్వు దాన్ని పట్టుకోవడం మాట దేవుడెరుగు, అదే నిన్ను పట్టుకుంది" అని దులిపేసేది. చుక్కలమ్మ నవ్వి ఊరుకునేది. చెల్లెలి ఇంట్లో పిల్లలు, వాళ్ళ పరీక్షలు, వచ్చేపోయేవాళ్ళు. ఆ సందడిలో కూర్చుంటే ఆమెకు రెండు గంటలకే అలసట వచ్చేది. లేచి తన ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే, ఆ నిశ్శబ్దం ఇంకో రకంగా అలసట తెచ్చేది.

ఒక్కసారి మాత్రం గుండె ఆగినంత పనైంది. ప్లేటు మూలగా ఒక మసక చుక్క, సరిగ్గా లెక్కలాయన చెప్పినంత మేర, వెంట్రుకవాసి జరిగింది. మూడో ప్లేటు తెప్పించి చూసింది. అక్కడా జరిగింది. మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. లెక్కలాయన పరుగున దిగివచ్చి గొట్టంలో కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. ఆఫీసంతా ఆ ఇరుకు గదిలోకి చేరింది. ఎవరో టీలు తెప్పించారు. వారం తిరిగేసరికి తేలిందేమిటంటే, అది దగ్గర్లో తిరిగే మామూలు రాయి. ఆ రాళ్ళు వంపు తిరిగే చోట కొద్ది రోజులు నెమ్మదించి, ఎంతో దూరాన ఉన్నవాటిలా నటిస్తాయి. లెక్కలాయన కిందికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "కాదమ్మా" అన్నాడు. వెంటనే మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన వైపు చూస్తూ చుక్కలమ్మ, ఈ ప్రపంచంలో తన పని ఏమిటో తెలిసిన మనిషి ఈయన ఒక్కడే, ఈయనతోనూ ఏడాదికి పది మాటలు మాట్లాడనే అనుకుంది.

ఏళ్ళు గడిచాయి. లెక్కలాయన రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొండ మీద గాజు ప్లేట్లు మానేసి కంప్యూటరుకి కట్టిన కెమెరా పెట్టారు. కొత్త ప్లేట్లు రావడం ఆగిపోయినా, చూడాల్సిన పాతవి ఇంకా మిగిలే ఉన్నాయి. కాబట్టి ఎవరూ ఆమెను లెమ్మనలేదు. నిజానికి ఆమె అక్కడుందని గుర్తున్నవాళ్ళే తక్కువ. ఆమె కూడా రిటైరయ్యే ఏడు వచ్చింది.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. వేరే దేశంలో పెద్ద టెలిస్కోపు దగ్గర పనిచేస్తుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, వీపున సంచీ తగిలించుకుని, అటూ ఇటూ చూస్తూ మెట్లు దిగింది.

"మీరేనా చుక్కలమ్మగారు? మొన్న ఫోన్లో మాట్లాడింది నేనే. మీ ప్లేట్ల కోసం వచ్చాను."

వాళ్ళ టెలిస్కోపుకి చాలా దూరాన చిన్న మంచుగడ్డ లాంటిది ఒకటి చిక్కిందట. గ్రహమనేంత పెద్దది కాదు. కనిపెట్టి ఎంతో కాలం కాలేదు కనుక దాని దారి ఇంకా సరిగా తేలలేదు. వెనక్కి లెక్క కడితే, పాతికేళ్ళ కిందట అది ఫలానా చోట ఉండి ఉండాలి. ఆ చోటు చుక్కలమ్మ చూసిన పట్టీలో ఉంది.

"ఆ పట్టీ నేను చూశానమ్మా. ఏమీ లేదు" అంది చుక్కలమ్మ.

"లేకపోతే లేదనుకుందాం. ఒక్కసారి పెట్టి చూద్దామా?"

ప్లేట్లు తీసింది. చుక్కలు చుక్కల మీద కూర్చునేలా సరిచేసి బిగించింది. అమ్మాయి చెప్పిన చోటికి జరిపి కన్ను పెట్టింది. అక్కడొక పెద్ద నక్షత్రం ఉంది. దాని చుట్టూ పొగలాంటి మసక. ఆ మసక అంచున, ఉందో లేదో అన్నట్టు, ఒక చుక్క. టక్. అది మసకలోకి సగం మునిగింది. టక్. బయటికొచ్చింది. టక్. మునిగింది.

"అమ్మా, ఏమైనా ఉందా?"

చుక్కలమ్మ కన్ను తీయలేదు. "ఉంది" అంది.

అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. గొట్టంలో తనూ చూసి, "అబ్బా, ఇది ఎవరికి కనిపిస్తుందండీ? చోటు తెలియకపోతే నేను వందసార్లు చూసినా పట్టుకోలేను" అంది. ఓదార్పుకే అందేమో. నిజం కూడా అంతే. ఎక్కడుందో తెలిశాక చూడటం వేరు, తెలియక చూడటం వేరు. చుక్కలమ్మకు అది తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదు కదా. ఆ ప్లేటు చూసిన రోజున తనకేమైందని గుర్తు చేసుకోవడానికి ఆమె శతవిధాల ప్రయత్నించింది. తలనొప్పా? ఆకలా? కిటికీలోంచి ఏవైనా చెప్పులు వింతగా కనిపించి అటు చూసిందా? ఏమీ గుర్తు రాలేదు. అది అన్ని రోజుల్లాంటి ఒక రోజు. ఆ చుక్క ఇటూ అటూ గెంతుతూనే ఉంది, తను పక్కనుంచి వెళ్ళిపోయింది.

రెండ్రోజులు ఇద్దరూ కూర్చుని ఆ చుక్క ఉన్న చోటును కొలిచారు. అమ్మాయి ఆ కొలతల్ని కంప్యూటరులో ఎక్కించి, తెర మీద తేలిన దారిని మళ్ళీ మొదటినుంచి సరిచూసింది. తర్వాత నీళ్ళు నమిలింది.

"అమ్మా, ఒక మాట. మీ పాత కొలత వల్ల దీని దారి గట్టిగా తేలిపోయింది. చాలా పాత దారి. ఎప్పటినుంచో ఎవరూ కదిలించకుండా తిరుగుతోంది. లెక్కలాయనగారు చెప్పిన చోట అంత పెద్ద గ్రహమే ఉంటే, ఇది ఇలా ఉండేది కాదు. ఆ గ్రహం దీన్ని ఎప్పుడో విసిరి పారేసేది."

"అంటే?"

"ఆ చోట లేదమ్మా. ఆయన చెప్పిన మేరలో... లేనట్టే."

చుక్కలమ్మ తలూపింది. ప్లేట్లు తీసి కవర్లలో పెట్టి, అల్మారాలో ఎక్కడివక్కడ సర్దింది. అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. తన వ్యాసంలో ఆమె పేరు కూడా వేస్తానంది. "సరేనమ్మా, జాగ్రత్తగా వెళ్ళు" అని చుక్కలమ్మ మెట్ల దాకా సాగనంపింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా చెప్పాలనిపించింది. చెల్లెలికి ఫోన్ చేస్తే, "పోనీలే అక్కా, పీడ విరగడైంది" అంది. అది చెప్పుకున్నట్టు కాలేదు. చివరికి పెద్ద నగరం నంబరు తిప్పింది. ఎప్పుడో చెల్లెలి మొగుడు సంపాదించి ఇచ్చిన నంబరు. ఎవరో ఆడమనిషి ఎత్తింది. చుక్కలమ్మ తనెవరో చెప్పింది. ఆవిడ మర్యాదగానే, "ఉండండి, పిలుస్తాను. కాస్త గట్టిగా మాట్లాడండి, ఆయనకి చెవులు పోయాయి. ప్రెస్సు పుణ్యమే" అంది.

"హలో! ఎవరూ?" అవతల గొంతు మారలేదు, పెద్దదైంది.

"నేనండీ."

"ఆఁ? గట్టిగా!"

"నేనూ! చుక్కలూ!" అని అరిచింది.

 "దొరికిందా?" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన మొదటి మాట అదే.

"దొరికిందండీ! కానీ అది కాదు!"

"ఏది కాదు?"

"నేను వెతికింది కాదు! ఇది వేరే! చిన్నది! నేను వెతికింది లేదట!" పక్కింటివాళ్ళు కిటికీ తెరిచిన చప్పుడైంది. ఆమె ఆగలేదు. "ఇది అప్పుడే ప్లేటు మీద ఉందండీ! నేనే చూసుకోలేదు!"

అంతా వినపడిందో లేదో. ఆయన, "సరేలే. ఏదో ఒకటి దొరికింది కదా" అన్నాడు. ఆ వెంటనే, "భోంచేశావా?" అన్నాడు.

"చేశానండీ" అంది. చేయలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు ఆ కుర్చీలోనే ఉండిపోయింది.

ఇక మిగిలింది లెక్కలాయనకు చెప్పడం. వేరే ఎవరి నోటినుంచో వినడం న్యాయం కాదనిపించి సెలవు పెట్టి బస్సెక్కింది. ఊరికి అవతలి కొసన నాలుగో అంతస్తులో కూతురి ఇల్లు. కూతురు పళ్ళ డాక్టరు. తలుపు తీసి, "నాన్నా, ఆఫీసునుంచి ఎవరో వచ్చారు" అని చెప్పి క్లినిక్కుకి వెళ్ళిపోయింది. లెక్కలాయన బాల్కనీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మరింత చిక్కిపోయాడు.

చుక్కలమ్మ ఎదురుగా కూర్చుని, తెచ్చిన మాట తెచ్చినట్టు చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ముఖం కందగడ్డయింది.

"దుమ్ము."

"దుమ్ము కాదండీ. రెండు ప్లేట్లలో ఉంది. వాళ్ళ పెద్ద టెలిస్కోపులోనూ ఉంది."

"అయితే నువ్వు తప్పు కొలిచావు."

"మళ్ళీ మళ్ళీ కొలిచామండీ."

"అంతకాలం ఏమీ లేదు లేదు అన్నదానివి, ఇవాళ ఎవరో కుర్రపిల్ల వచ్చి చూపిస్తే ఉందంటావు! నీ చూపుని నమ్మి నేను..." మాట తెగిపోయింది. దగ్గు వచ్చింది. చుక్కలమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు ఇవ్వకుండా అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఇంకాసేపు నిలబడి, "వెళ్ళొస్తానండీ" అంది. లిఫ్టు పనిచేయడం లేదు. నాలుగు అంతస్తులూ దిగుతుండగా కళ్ళలో నీళ్ళు అడ్డుపడి మెట్టు కనిపించక, గోడ పట్టుకుని దిగింది. ఎవరో ఆమె భుజం రాసుకుంటూ పైకెక్కి వెళ్ళారు, పలకరించలేదు.

ఆమె రిటైరయ్యాక ఆఫీసువాళ్ళు ప్లేట్లన్నింటినీ కంప్యూటరులోకి ఎక్కించాలని నిర్ణయించారు. ఎక్కించే ముందు ఒక్కో గాజునీ శుభ్రంగా తుడవాలి. తెలిసిన చెయ్యి కదా అని, వారానికి మూడు రోజులు ఆమెనే రమ్మన్నారు. గాజు వెనక వైపున అనుమానం కలిగిన ప్రతి చుక్క చుట్టూ తను ఎర్ర సిరాతో చుట్టిన సున్నాలున్నాయి. అవన్నీ తుడిచెయ్యాలి, లేకపోతే మిషను వాటిని కూడా చదివేస్తుందన్నారు. దూదికి మందు అద్ది, తను చుట్టిన సున్నాలు తనే తుడుస్తూ కూర్చుంది. కొన్ని ఎందుకు చుట్టిందో తెలుస్తుండేది, కొన్ని తెలిసేవి కాదు. సిరా తడికి కరిగి గులాబీ రంగు నీరై జారిపోయేది. గాజు ఎత్తి వెలుతురుకు పట్టి, అంతా పోయిందని చూసుకుని పక్కన పెట్టేది. మాట్లాడటానికి గదిలో ఎవరూ లేరు. టకటకని కూడా ఎక్కడికో తరలించేశారు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోను మోగింది. గుమాస్తా మెట్ల మీదినుంచి కేకేశాడు, "చుక్కలమ్మగారూ, మీకే!"

"నేనమ్మా" అంది అవతలి గొంతు. లెక్కలాయన. "ఆ అమ్మాయి లెక్కలు పంపింది. మొదటినుంచి మళ్ళీ చేశాను. చెయ్యి వణుకుతోంది, ఒకటి ఏడులా పడుతోంది, అందుకే ఇన్నాళ్ళు పట్టింది."

"చెప్పండి."

"నువ్వు కొలిచింది సరిగ్గానే ఉంది."

చుక్కలమ్మ చేతిలో ఇంకా ఉన్న దూదిని పక్కన పెట్టింది.

"ఆ మేరలో గ్రహం లేదు. తోకచుక్కల దారులు ఒరగడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు. లేదూ, అది మరీ దక్షిణాన, మన కొండ మీదికి ఎప్పుడూ ఎక్కిరాని ఆకాశంలో ఉండాలి."

"అంటే మనం వెతికినంత కాలమూ అది మన కాళ్ళ కింద, భూమికి అవతలి పక్క ఉందాండీ?"

అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆయన నవ్వగా ఆమె విన్నది అదే మొదలు. "ఉంటే" అన్నాడు. ఆ మాట కూడా ఆయన నోట వినడం అదే మొదలు.

"ఆ రోజు నీళ్ళు తెచ్చిచ్చావు. గ్లాసు కూడా తిరిగివ్వలేదు నేను" అన్నాడాయన. "ఖాళీ ఉన్నప్పుడు వస్తావా? ఇక్కడ అంకెలు చదివి పెట్టేవాళ్ళు లేరు. మా అమ్మాయికి పళ్ళు తప్ప ఏవీ లెక్కపెట్టే ఓపిక లేదు."

చుక్కలమ్మ వెళ్ళింది. ఆ తర్వాత ప్లేట్లు తుడిచే పని లేని రోజుల్లో మధ్యాహ్నం బస్సెక్కి వెళ్తుండేది. బాల్కనీలో కూర్చుని, దక్షిణాన ఎవరెవరు ఎంత మేర వెతికారో, ఎంత మసక చుక్కల దాకా చూడగలిగారో ఆమె చదివితే ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. వెతకని చోటు ఇంకా చాలా ఉందని తేలేది. అది తమ వల్ల అయ్యే పని కాదని ఇద్దరికీ తెలుసు. ఒక్కోసారి ఆయన మధ్యలోనే నిద్రపోయేవాడు. అప్పుడామె చదవడం ఆపి, కాగితాలు గాలికి ఎగరకుండా ఒళ్ళో పెట్టుకుని, కింద రోడ్డు మీద పోయే మనుషుల్ని చూసేది. ఇన్నేళ్ళూ చెప్పులే చూసింది. ఇక్కణ్ణుంచి తలలు కనిపించేవి. ఆయన లేచేదాకా అలా కూర్చుని, లేచాక చదువుతున్న చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టేది.